ఆదివారం సాయంత్రానికి గోడ దిగాలి: ఫామ్‌ప్లాట్ల సంఘాలకు బహిరంగ లేఖ

హైదరాబాదు చుట్టుపక్కల ఫామ్‌ప్లాట్ల యజమానుల సంఘాల అధ్యక్ష, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

శంకర్‌పల్లి, చేవెళ్ళ, షాద్‌నగర్, యాచారం వైపు మీ సభ్యుల్లో కొందరు శని, ఆదివారాల్లో తామే గడ్డపార పట్టి తమ జాగాలో బావి తవ్వుకుంటున్నారు. బోరు వేయించుకునే స్తోమత లేక కాదు, సరదాకి. ఒంటికి పని దొరుకుతుంది, ఊట పడితే అదో పండగ. మేము బావి తవ్వేవాళ్ళం, ఒరలు (బావి గోడకు దించే సిమెంటు ఉంగరాలు) పోసేవాళ్ళం, భూగర్భజలాల లెక్క చూసేవాళ్ళం. ఈ సరదా మానిపించమని మిమ్మల్ని అడగడం లేదు. ఇప్పుడు తవ్వుతున్న పద్ధతి మాత్రం మానిపించమంటున్నాం.

బావి పని ఎరిగిన మేస్త్రి గుంత లోతు కంటే ముందు దాని వయసు అడుగుతాడు. పనివాళ్ళు బావి మొదలుపెడితే రోజూ దిగుతారు, రోజూ గోడ చూస్తారు, పదీ పదిహేను రోజుల్లో తేల్చేస్తారు. మీ సభ్యుల పని అలా కాదు. ఆదివారం సాయంత్రం వదిలేస్తే మళ్ళీ శనివారం పొద్దున. మధ్యలో ఐదు రోజులు కట్టడం లేని పచ్చి మట్టి గోడ ఎండకూ గాలికీ వదిలేసి ఉంటుంది. తవ్విన రోజు మట్టి నిలువుగా ఎందుకు నిలబడుతుందంటే, దానిలో ఉన్న కాస్త చెమ్మ రేణువులను పట్టి ఉంచుతుంది. ఆ చెమ్మ ఆరినా పట్టు పోతుంది, వాన పడి ఎక్కువైనా పట్టు పోతుంది. ఆదివారం గడ్డపారకు కూడా లొంగని గోడ శనివారానికి పెచ్చులుగా రాలడానికి కారణం ఇదే. నల్లరేగడి అయితే ఇంకా మోసం. ఎండితే నిలువునా బీటలు తీస్తుంది, ఆ బీటలోకి ఒక్క జల్లు దిగితే గోడ పలకలా విడిపోతుంది.

మన వైపు నేల సంగతి కాస్త చెప్పాలి. పైన రెండు నుంచి నాలుగు అడుగులు ఎర్ర చెల్క, దాని కింద మొరం, మొరం కింద మెత్తరాయి, ఆ కింద గట్టురాయి. చాలాచోట్ల వరస ఇదే, మందాలే మారతాయి. మొరం చూడ్డానికి గోడ కట్టినట్టే ఉంటుంది. ఒర లేకుండా ఏళ్ళ తరబడి నిలిచిన పాత మోటబావులు ఊరూరా ఉన్నాయి కాబట్టి మన బావీ నిలుస్తుందనుకుంటారు. నిలవనివి ఎప్పుడో పూడిపోయాయి, అవి మన కంటికి కనబడవు. మొరంలో చూడాల్సినవి రెండు. ఒకటి గుండు. గ్రానైటు అరిగి మొరమైనా మధ్యమధ్యలో అరగని గుండ్లు మిగిలిపోతాయి. గోడలోంచి సగం గుండు తొంగి చూస్తుంటే దాని వెనక సగం మెత్తటి మొరంలో కూర్చుని ఉందని అర్థం. గడ్డపార మొనతో తట్టండి. ఖంగుమంటే పట్టు ఉంది, బోలుగా మోగితే లేదు. అది తలపైన ఉండగా కింద తవ్వకూడదు. ముందు పైనుంచే దాన్ని కదిపి, మనిషి లేని గుంతలోకి పడేసి తర్వాత దిగాలి. రెండోది జారు పొర. మొరంలో అక్కడక్కడ నల్లగానో తెల్ల సుద్దగానో సన్నని గీత ఏటవాలుగా కనబడుతుంది. వేలితో రాస్తే సబ్బులా జారుతుంది. ఆ వాలు బావి లోపలికి ఉంటే దాని మీదున్న మొరమంతా ఒక్క ముక్కగా దిగివస్తుంది.

ఘనమీటరు మట్టి బరువు సుమారు 1.7 టన్నులు. నడుము దాకా కూరుకున్న మనిషిని నలుగురు లాగినా రాడు. ఛాతీ దాకా వస్తే తల బయటే ఉన్నా ఊపిరి ఆడదు. అందుకే తవ్వకాల భద్రతకు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 3764, మట్టిలో 1.5 మీటర్లు దాటిన కందకానికి దన్ను తప్పనిసరి అంటుంది. తీసిన మట్టిని అంచు నుంచి కనీసం 1.5 మీటర్లు, లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయమంటుంది. మీ ప్లాట్లలో మట్టికుప్ప అంచుకు ఆనుకునే ఉంటోంది, దాని పక్కనే ట్రాక్టర్ ట్రాలీ వచ్చి నిలబడుతోంది. 20 అడుగుల బావికి ఆ కుప్ప పది అడుగుల అవతల ఉండాలి.

ఎంత మట్టి వస్తుందో మొదలుపెట్టే ముందు లెక్కేసేవాళ్ళు తక్కువ. కట్టిన తర్వాత లోపలి వెడల్పు 4 అడుగులు, లోతు 30 అడుగులు అనుకుందాం. గోడ మందంతో కలిపి 4 అడుగుల 8 అంగుళాల గుంత తియ్యాలి. అది 510 ఘనపుటడుగుల దాకా వస్తుంది, బరువు సుమారు 25 టన్నులు. బొక్కెనకు 15 కిలోల చొప్పున 1,600 పైచిలుకు బొక్కెనలు. వదులైన మట్టి పొంగుతుంది కాబట్టి 100 ఘనపుటడుగుల ట్రాలీలు ఆరేడు. అదే గుంతను 12 అడుగుల వెడల్పున మొదలుపెడితే 160 టన్నులు దాటుతుంది, 11,000 బొక్కెనలు అవుతాయి. సరదా బావులు సగంలో ఆగిపోయేది ఇలాంటి వెడల్పుల్లోనే. వెడల్పైతే గాలి బాగా ఆడుతుంది, నిజమే. కానీ గోడ చుట్టుకొలతా పెరుగుతుంది, కట్టడం ఖర్చు చూసి ‘తర్వాత కడదాం’ అని వాయిదా పడుతుంది. 3 అడుగులకు తగ్గిస్తే గడ్డపార ఆడదు. చేతిపనికి 4 అడుగులే సరైన కొలత.

ఇక కట్టడం. ఇక్కడ జరిగే తప్పు ఒకటే. మొత్తం లోతు ఒర లేకుండా తవ్వి, నీళ్ళు పడ్డాక చివర్లో ఒరలు దించుతారు. అంటే గోడ అవసరమున్న రోజులన్నీ గోడ లేకుండా గడుస్తాయి. మంజీర ఒడ్డునో మూసీ ఒడ్డునో ఇసుక నేలైతే సిమెంటు ఒరల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, మనిషి లోపల కూర్చుని అంచు కింద సమంగా తవ్వుతుంటే అవే తమ బరువుతో దిగుతాయి. అడుగు ఎత్తు, 4 అడుగుల లోపలి వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న ఒర 150 కిలోల దాకా తూగుతుంది. ఒకవైపే ఎక్కువ తవ్వితే వరస ఒరుగుతుంది. పై ఒరల్ని నేల పట్టేసి కింది ఒర ఒక్కటే జారితే మధ్యలో సందు పడుతుంది. అందుకే చుట్టూ మూడు చోట్ల ఇనుప పట్టీలతో ఒరను ఒరకు బిగించాలి, అడుగుకోసారి తూకం గుండు వేలాడదీసి నిలువు సరిచూడాలి. గట్టి మొరంలో ఈ పద్ధతి నడవదు, ఒర దిగదు. అక్కడ చేయాల్సింది మీటరు తవ్వి మీటరు పోయడం.

దాని వైనం ఇది. నేలమట్టం దగ్గర ముందు గుంత నోటి చుట్టూ 6 అంగుళాల మందంతో కాంక్రీటు కాలరు పోయండి. నేలపైకి అడుగు లేవాలి. పైనుంచి రాయి దొర్లదు, వాననీళ్ళు లోపలికి పోవు. తర్వాత మీటరు లోతు తవ్వి, తూకం గుండుతో గోడ సరిచేసి, 8 మిల్లీమీటర్ల కడ్డీలను 8 అంగుళాల ఎడంతో నిలువుగా, అడ్డంగా కట్టాలి. నిలువు కడ్డీల కింది కొసలు మరో అడుగు నేలలోకి దిగ్గొట్టాలి. వచ్చే వారం కింది వరస కడ్డీలు కట్టేది వాటికే. రేకు షట్టరింగు (పోత నిలిపే అచ్చు) మూడు ముక్కలుగా చేయిస్తే 4 అడుగుల గుంతలో బిగించడం, విప్పడం సులువు. గోడ మందం 4 అంగుళాలు, సిమెంటు, ఇసుక, కంకర పాళ్ళు 1:2:4, కంకర అరంగుళం లోపుది. ఒక మీటరు వరసకు మూడు బస్తాల లోపు సిమెంటు, సుమారు 13 ఘనపుటడుగుల కంకర, దానిలో సగం ఇసుక పడతాయి. పై వరస అడుగున పోత పోయడానికి జానెడు సందు వదలక తప్పదు. దాన్ని తర్వాత గట్టి మాలుతో, ఇటుక ముక్కలతో కూరాలి. చాలామంది ఈ సందు వదిలేస్తారు. వానకాలంలో దాని వెనక మొరం కరిగి కారిపోయి, పై వరస గాల్లో వేలాడుతుంది.

ఇప్పుడు మీ వారాంతాన్ని దీనికి జత చేయండి. శనివారం మీటరు తవ్వకం, అంటే 180 బొక్కెనల పని. ఆదివారం పొద్దున కడ్డీలు, షట్టరు, మధ్యాహ్నానికి పోత. షట్టరు విప్పే పనే లేదు, ఐదు రోజులూ అలాగే ఉంటుంది. వాచ్‌మన్ పూటకోసారి పైనుంచే నీళ్ళు చిలకరిస్తే చాలు. శనివారానికి గోడ గట్టిపడి ఉంటుంది. పచ్చి మట్టిని పాడుచేసే ఆ ఐదు రోజులే కాంక్రీటుకు కావలసిన నానుడు. సంక్రాంతి వెళ్ళాక మొదలుపెడితే వారానికో మీటరు లెక్కన ఉగాది నాటికి 9 మీటర్లు. నీటిమట్టం బాగా కిందికి దిగే ఏప్రిల్, మే నెలల్లో ఊట పొరలో పని చేసుకోవచ్చు. ఆదివారం పొద్దు గూకేసరికి గుంత అడుగు దాకా గోడ దిగి ఉండాలి. మీటరు తవ్వి గోడ పోసే ఓపిక లేకపోతే ఆ వారం తవ్వొద్దు.

ఊట పడ్డాక ఇదే పోత పోయలేరు, సిమెంటు పాలు కొట్టుకుపోతాయి. 4 అడుగుల గోడ లోపలి నుంచి చిన్న ఒరల్ని, చిల్లులున్నవి, దించుకుంటూ పోవాలి. ఒరకూ నేలకూ మధ్య కంకర, అడుగున జానెడు మందం కంకర పరుపు వేయాలి. ఇసుక పొర తగిలితే మోటారుతో నీళ్ళన్నీ తోడేయొద్దు. బయట నీటిమట్టం ఎత్తులో ఉండి లోపల ఖాళీ అయితే ఇసుక కిందినుంచి ఉబికి వస్తుంది, దానితోపాటు గోడ వెనక నేల ఖాళీ అవుతుంది. డీజిల్, పెట్రోలు మోటార్లు బావిలోకి దించనే కూడదు. వాటి పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రంగు ఉండదు. కరెంటు మోటారైతే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చు) ఉండాలి, మనిషి నీళ్ళలో ఉన్నంతసేపూ ప్లగ్గు ఊడదీసి ఉండాలి.

గోడ కంటే ముందు గాలి చంపుతుంది. ఐదు రోజులు ఎవరూ దిగని గుంతలో ఏముందో శనివారం పొద్దున చూసి చెప్పలేం. రాలిన ఆకులు, వేర్లు, పక్కన చల్లిన పశువుల ఎరువు కుళ్ళుతూ ఆక్సిజన్ తినేస్తాయి. గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువైన కార్బన్ డయాక్సైడు అడుగున కూర్చుంటుంది. తుఫాను ముందు వాతావరణ పీడనం పడిపోతే నేలలోని చెడుగాలి గుంతలోకి ఊరుతుంది కూడా. నిన్న బాగున్న బావి ఇవాళ బాగుండాలని లేదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కిందికి పోతే దిగకూడదు. 10 దగ్గర మనిషి కూలబడతాడు, 6 దగ్గర నిమిషాల్లో పోతాడు. దీపం దించి చూడటం మన పెద్దల పద్ధతి. దీపం ఆరితే దిగొద్దన్నది నిజమే. ఆరకపోతే దిగొచ్చన్నది నిజం కాదు. కొవ్వొత్తి ఆరేది 16 శాతం దగ్గర, అప్పటికే మనిషికి ఎప్పుడో ప్రమాదం. పైగా కార్బన్ మోనాక్సైడు ఉన్నా, హైడ్రోజన్ సల్ఫైడు ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. కుళ్ళిన గుడ్ల వాసన వచ్చి ఆగిపోతే గాలి బాగుపడిందనుకోవద్దు. ఆ వాయువు ఎక్కువైతే ముక్కే పనిచేయడం మానేస్తుంది.

ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సల్ఫైడు, మండే వాయువులు, ఈ నాలుగూ కొలిచే డిటెక్టరు ఒకటి సంఘం కొనాలి. ప్లాటుకొకటి అక్కర్లేదు, క్యాలిబ్రేషన్ (కొలత సరిచేయించడం) గడువు దాటకుండా చూసే మనిషి ఒకరుంటే చాలు. దాన్ని తాడుకు కట్టి పైన, మధ్యలో, అడుగున, ఒక్కోచోట రెండు నిమిషాలు ఆపి చూడాలి. 4 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు బావిలో గాలి 380 ఘనపుటడుగుల లోపే. నిమిషానికి 300 ఘనపుటడుగులు తోసే బ్లోయరు అరగంట ఆడితే అది ఇరవైసార్లు మారుతుంది. గొట్టం కొస గుంత అడుగుకు రెండు మూడు అడుగుల ఎత్తు దాకా దిగాలి, మనిషి లోపలున్నంతసేపూ ఆడుతూనే ఉండాలి. జనరేటరును గాలి బావి మీదుగా వీచి పోయే వైపున, 30 అడుగుల దూరంలో పెట్టండి. బ్లోయరు పక్కనే పెడితే దాని పొగనే బావిలోకి పంపినట్టవుతుంది. వేపకొమ్మ తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించడం, బిందెలతో నీళ్ళు చిమ్మడం బ్లోయరు లేని రోజుల ఉపాయాలు. వాటితో గాలి కొంత కదులుతుంది, అంతకుమించి నమ్మొద్దు.

దిగే మనిషికి ఫుల్‌బాడీ హార్నెస్ (ఒంటి మొత్తానికి బిగించే పట్టీలు), దానికి మట్టి బొక్కెనతో సంబంధం లేని వేరే తాడు ఉండాలి. ఆ తాడు మూడు కాళ్ళ స్టాండు మీదున్న రాట్చెట్ వించికి, అంటే తిప్పితే తాడు చుట్టుకుని చేయి వదిలినా వెనక్కి జారని చక్రానికి, పోవాలి. ఒరలు ఎత్తే ఒక టన్ను చైన్ బ్లాక్ (గొలుసు కప్పీ) ఉంది కదా అంటారు. అది ఒక అడుగు లేవాలంటే పదుల అడుగుల గొలుసు లాగాలి. 30 అడుగుల లోతులో స్పృహ తప్పిన మనిషికి అంత సమయం ఉండదు. పైన ఇద్దరు ఉండాలి. వాళ్ళలో ఒకరి చేయి ఎప్పుడూ వించి మీదే ఉండాలి. బొక్కెన అంచుకు నాలుగంగుళాలు తక్కువ నింపాలి, కొక్కేనికి తాళం నాలుక ఉండాలి. 30 అడుగుల పైనుంచి జారిన రాయి అడుగుకు చేరేసరికి గంటకు 48 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. హెల్మెట్ ఉన్నా బొక్కెన కింద నిలబడకూడదు, గోడకు వీపు ఆనించి నిలబడాలి.

లోపలి మనిషి పలకకపోతే పైవాళ్ళు చేయాల్సింది వించి తిప్పడం, బ్లోయరు పెంచడం, 112కు ఫోన్ చేయడం. దిగడం కాదు. ఒకరి వెనక ఒకరు దిగి ముగ్గురూ నలుగురూ పోయారన్న వార్తలన్నిటిలోనూ మొదటివాడికి జరిగినదే మిగతావాళ్ళకూ జరిగింది. గోడ కూలితే జేసీబీని అంచుకు తీసుకురాకండి. దాని బరువుకు మిగిలిన గోడా దిగుతుంది.

గట్టురాయి తగిలితే ఆగిపోండి. మన వైపు పైనుండే ఊట చాలావరకు మొరంలోనూ, గట్టురాయి నెత్తిన పగిలిన మెత్తరాయిలోనూ ఉంటుంది. అక్కడికి బావి పూర్తయినట్టే. రాయి పగలగొట్టే తూటాలు పేల్చడానికి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్, 2008 ప్రకారం లైసెన్సున్న మనిషి కావాలి. ఎవరో తెచ్చిపెడతానంటే ఒప్పుకోవడం నేరం. ట్రాక్టర్ కంప్రెసర్‌తో రంధ్రాలు కొడతామన్నా, ఇరుకు గుంతలో పొడి గ్రానైటు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ జబ్బు తెస్తుంది. (ఇంగ్లండులో బ్రైటన్ పక్కన వుడింగ్‌డీన్ బావిని 1858 నుంచి 1862 దాకా 392 మీటర్లు చేత్తోనే తవ్వారని వీడియోలు చూసి ఉత్సాహపడేవాళ్ళు ఉన్నారు. అక్కడ దిగింది సుద్దరాతిలోకి, గ్రానైటులోకి కాదు. దిగినవాళ్ళు సరదాకి దిగలేదు, పేదల శరణాలయానికి (వర్క్‌హౌస్) నీళ్ళ కోసం దిగిన కూలీలు.)

ఆ మాట మన దగ్గరికీ వస్తుంది. పది అడుగులు దాటాక యజమాని చేతులు బొబ్బలెక్కుతాయి, ఇక కూలి మనిషి దిగుతాడు. హార్నెస్, డిటెక్టరు యజమాని దిగినప్పుడు ఉండి, కూలి దిగినప్పుడు లేకపోతే ఇంతసేపు రాసిందంతా వృథా. ఇంకో సంగతి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ ప్లాటులో ఉండేది యజమాని కాదు, వాచ్‌మన్ కుటుంబం. గుంత చుట్టూ తిరిగేది వాళ్ళ పిల్లలు, మేకలు. బావి మీద రేకు కప్పి రాయి పెట్టడం మూత కాదు, అది బోను. మూడడుగుల పిట్టగోడ, దానిపై తాళం వేసే ఇనుప గ్రిల్లు ఉండాలి. పని నడుస్తున్నన్ని రోజులూ మేకులు కొట్టిన మందపు పలకల మూత, చుట్టూ 4 అడుగుల కంచె ఉండాలి.

అనుమతి విషయం. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అనేది, చేతితో తవ్వే బావికీ వర్తిస్తుంది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల కొత్త బావి తవ్వకూడదు. తవ్వే ముందు మండల రెవెన్యూ కార్యాలయంలో అడగాలి, తవ్వాక నమోదు చేయించాలి. వదిలేసిన బోర్లను పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మార్గదర్శకాలు బోర్ల గురించే అయినా, మీ లేఅవుట్‌లోని సగం తవ్విన గుంతకూ అదే పద్ధతి పెట్టుకోవచ్చు. నిర్లక్ష్యం వల్ల ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ఉంది, ఐదేళ్ళ దాకా శిక్ష. సెప్టిక్ ట్యాంకుకు కనీసం 50 అడుగుల దూరం పాటించండి, 100 ఉంటే మేలు. మీ ప్లాటులో లేకపోయినా పక్క ప్లాటులో ఉండొచ్చు, కంచె అవతలికి కూడా టేపు పట్టండి.

కార్యవర్గాలను అడిగేది ఇది. మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది, ఆలోగా మీ లేఅవుట్‌లో తవ్వకంలో ఉన్న ప్రతి గుంతనూ కొలవండి. ప్లాటు నంబరు, మొత్తం లోతు, గోడ ఎంతవరకు దిగింది, చివరిసారి ఎప్పుడు దిగారు, ఈ నాలుగూ ఒక పుస్తకంలో రాయండి. లోతుకూ గోడకూ మధ్య తేడా ఒక మీటరు దాటిన గుంతలోకి ఎవరూ దిగకుండా తాళం వేయండి. అలాంటి గుంతకు కింది నుంచి గోడ కట్టుకొస్తామన్నా ఒప్పుకోవద్దు, పచ్చి గోడ కింద మనిషి నిలబడాల్సి వస్తుంది. దాన్ని పైనుంచే పూడ్చాలి. చెత్త, కొబ్బరి మట్టలు, ప్లాస్టిక్ వేయొద్దు. తీసిన మొరమే అడుగు మందం పొరలుగా వేస్తూ, పొర పొరకూ నీళ్ళు చల్లి, తాడు కట్టిన బరువైన దిమ్మెతో పైనుంచే కూరుతూ రావాలి. ఆఖర్న నేలమట్టం మీద ఒక అడుగు ఎత్తు గుట్టలా వదలండి. రెండు వానలకు అది కుంగుతుంది. కుంగిన చోట మళ్ళీ మట్టి వేసే బాధ్యత ఎవరిదో ఆ పుస్తకంలోనే పేరుతో రాసి పెట్టండి.

ఇట్లు,
బావి పని తెలిసిన కొందరు